హీటర్ దారిలో పోయిన ఆరు వోల్టులు: ఇంట్లో కరెంటు లెక్క మనమే వేసుకోవడం ఎలా?

నవంబరు నెలాఖరులో మా అత్తయ్య, మావయ్య ఇండియా నుంచి వచ్చారు. మేము ఉండేది న్యూజెర్సీలో, కాస్త పాత ఇంట్లో. వాళ్ళకిచ్చిన గది పైఅంతస్తులో చివర ఉంటుంది. ఇంటి మొత్తానికి ఉన్న హీటింగ్ ఆ గదిదాకా సరిగ్గా అందదు. చలికి అలవాటు లేనివాళ్ళు, పైగా మావయ్యకి మోకాళ్ళ నొప్పులు. అందుకని 1500 వాట్ల చిన్న రూమ్ హీటర్ కొన్నాం. సాకెట్ మంచం వెనకాల గోడకి ఉంది. హీటర్ తీగ అక్కడిదాకా రాలేదు. గరాజ్‌లో ఉన్న తొమ్మిది అడుగుల ఎక్స్‌టెన్షన్ కార్డ్ తెచ్చి తగిలించాం. ఏటా దీపావళికి బయట లైట్ల దండలకి వాడే కార్డే అది. ఎన్నేళ్ళుగానో వాడుతున్నదే కదా అనుకున్నాం.

రెండు వారాలు గడిచాక నాకు కరెంటు బిల్లు బెంగ పట్టుకుంది. రాత్రంతా హీటర్ నడుస్తోంది మరి. మా ఇంట్లో పాతిక డాలర్లకి కొన్న చిన్న మీటర్ ఒకటి ఉంది. దాన్ని సాకెట్‌కీ మనం వాడే వస్తువుకీ మధ్యలో పెడితే ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చూపిస్తుంది. మంచం జరపడం ఎందుకులే అని, ఎక్స్‌టెన్షన్ కార్డ్ ఈ చివర, అంటే హీటర్ ప్లగ్ దగ్గర ఆ మీటర్ పెట్టాను. 112.4 వోల్టులు, 11.6 ఆంపియర్లు చూపించింది.

రెండూ గుణిస్తే 1304 వాట్లు. హీటర్ మీద 1500 అని ఉంది. "తక్కువే తీసుకుంటోందిగా, మంచిదే. బిల్లు తగ్గుతుంది" అన్నారు మావారు. నాకు మాత్రం ఆ 112 అన్న అంకె నచ్చలేదు. పొద్దున వంటింట్లో కెటిల్‌కి ఇదే మీటర్ పెడితే దాదాపు 119 వోల్టులు చూపించింది. ఒకే ఇంట్లో ఆరు వోల్టులకి పైగా తేడా ఎందుకు రావాలి?

మంచం జరిపి చూశాం. గోడ దగ్గరున్న ప్లగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. హీటర్ ఆపి, కాసేపాగి ప్లగ్ ఊడదీశాం. ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారి మెత్తబడింది. ఆ ప్లగ్‌కి జానెడు దూరంలో దుప్పటి అంచు వేలాడుతోంది.

"అత్తయ్యా, రాత్రిళ్ళు ఏమైనా వాసన వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చిందమ్మా, రెండు మూడు రోజులుగా. ప్లాస్టిక్ కాలినట్టు. కొత్త హీటర్ కదా, అలాగే వస్తుందేమో అనుకున్నాం. పగలంతా పనిచేసి పడుకున్నారు, మిమ్మల్ని లేపడం ఎందుకని ఊరుకున్నాం" అన్నారావిడ.

ఆ మాట విన్నాక నాకు కాసేపు కాళ్ళు ఆడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. చలికాలంలో పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే హీటర్, ఇదే ఎక్స్‌టెన్షన్ కార్డ్ ఉంటాయి. దీని వెనక ఉన్న లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగినదే. మా అమ్మాయి చేత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి చేయించాను కూడా.

మూడు మాటలు, రెండు సూత్రాలు

నేను బీఎస్సీ ఎంపీసీ చదివాను. ల్యాబ్‌లో అమ్మీటర్, వోల్ట్‌మీటర్, రియోస్టాట్ పెట్టి ఓమ్ నియమం ప్రయోగం చేసి, గ్రాఫ్ గీసి, రికార్డు మీద సంతకం పెట్టించుకున్నాను. అది ఇంట్లో మంచం వెనకాల పనికొస్తుందని అప్పుడు ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

మన ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకు గుర్తుందిగా? ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కుళాయిలో నీళ్ళు అంత ఒత్తిడితో వస్తాయి. ఆ ఒత్తిడి లాంటిది వోల్టేజ్. సెకనుకి ఎంత నీరు పారుతోందో అది కరెంటు, ఆంపియర్లలో కొలుస్తాం. పైపు సన్నంగా ఉన్నా, లోపల పాచి పట్టినా నీళ్ళు సులువుగా రావు. ఆ అడ్డు లాంటిది నిరోధం, అంటే రెసిస్టెన్స్. దాన్ని ఓముల్లో కొలుస్తాం. 1827లో ఈ మూడింటి సంబంధాన్ని పుస్తకంగా అచ్చువేసిన జార్జ్ ఓమ్ జర్మనీలో ఒక స్కూలు మాస్టారు. ఆయన పేరే ఆ కొలతకి పెట్టారు.

మొదటి సూత్రం: వోల్టులని ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయి.

రెండో సూత్రం: వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. వాట్లు అంటే ఆ వస్తువు సెకనుకి ఎంత శక్తిని వాడుతోందన్న కొలత. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి 'సామర్థ్యం' అంటే గుర్తొస్తుంది.

అంటే మీటర్‌లో రెండంకెలు కనిపిస్తే చాలు. భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం. మిగతావన్నీ వీటిలోంచి పుట్టేవే.

మా హీటర్ లెక్క

ఆ కార్డ్ తీసి పక్కన పడేశాం. మంచం రెండో గోడవైపుకి మార్చి, హీటర్‌ని అదే గదిలో ఇంకో సాకెట్‌కి, మధ్యలో మీటర్ ఒక్కటే ఉంచి, నేరుగా పెట్టి చూశాను. ఈసారి 118.6 వోల్టులు, 12.2 ఆంపియర్లు.

నిరోధం: 118.6ని 12.2తో భాగిస్తే 9.72 ఓములు.
సామర్థ్యం: 118.6ని 12.2తో గుణిస్తే 1447 వాట్లు.

ఇప్పుడు కార్డ్‌తో ఉన్నప్పటి అంకెలు చూడండి. 112.4ని 11.6తో భాగిస్తే 9.69 ఓములు. దాదాపు అదే. అంటే హీటర్‌లో ఏ మార్పూ లేదు, దాని లోపలి కాయిల్ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. హీటర్ తక్కువ వాట్లు తీసుకోవడం దాని పొదుపు కాదు. దానిదాకా రావలసిన వోల్టులు మధ్యలోనే ఎక్కడో ఖర్చయిపోయాయి.

ఎంత ఖర్చయ్యాయి? గోడ దగ్గర సుమారు 118.6, హీటర్ దగ్గర 112.4. తేడా 6.2 వోల్టులు. ఆ దారిలోనూ పారింది అదే 11.6 ఆంపియర్లు, ఎందుకంటే కార్డ్, ప్లగ్, హీటర్ అన్నీ ఒకే దండలో పూసల్లా ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. కాబట్టి మళ్ళీ అవే రెండు సూత్రాలు:

దారిలో నిరోధం: 6.2ని 11.6తో భాగిస్తే 0.53 ఓము.
దారిలో ఖర్చయిన సామర్థ్యం: 6.2ని 11.6తో గుణిస్తే 72 వాట్లు.

అర ఓము. వినడానికి ఏమీ కాదు. కానీ 72 వాట్లు మనకి పనికొచ్చే చోట కాకుండా, మంచం వెనకాల వేడిగా మారుతున్నాయి. అదంతా తీగలో సమంగా పరుచుకుని ఉంటే ఫరవాలేదు, కాస్త గోరువెచ్చగా ఉండేది. ఇక్కడే మా అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "తీగ అంతా ముట్టుకుంటే మామూలుగానే ఉంది, ప్లగ్ ఒక్కటే ఎందుకు కాలింది?"

దానికీ లెక్క ఉంది. మా కార్డ్ మీద 16 గేజ్ అని ముద్రించి ఉంది. ఆ మందం రాగి తీగకి వెయ్యి అడుగులకి సుమారు 4 ఓముల నిరోధం ఉంటుంది. మా కార్డ్ తొమ్మిది అడుగులు. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి కాబట్టి 18 అడుగులు. అంటే 0.07 ఓము. దానిలో ఖర్చయ్యేది 10 వాట్లు కూడా ఉండదు. మిగతా 60 వాట్ల పైచిలుకు ఎక్కడ పుడుతున్నట్టు? పిన్నులు, వాటిని పట్టుకునే లోపలి రేకులు కలిసే చోట్లలోనే. అందులోనూ రంగు మారిన ఆ ఒక్క పిన్ను దగ్గరే ఎక్కువ. పాత 60 వాట్ల బల్బు వెలుగుతుండగా ముట్టుకున్నవాళ్ళకి ఆ వేడి తెలుసు. అంత వేడి వేలి కొనంత చోట, గాలి ఆడని మంచం వెనకాల, రాత్రంతా! సర్క్యూట్ బోర్డుల మీద సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్‌లు కూడా 25 నుంచి 60 వాట్లవే.

ఇన్నేళ్ళూ బాగానే పనిచేసిందిగా?

మావారి ప్రశ్న ఇది. నిజమే, దీపావళి లైట్లకి ఎప్పుడూ ఏమీ కాలేదు.

పై రెండు సూత్రాలని కలిపితే మూడోది వస్తుంది: ఆంపియర్లని ఆంపియర్లతోనే గుణించి, దాన్ని ఓములతో గుణిస్తే వాట్లు. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు.

మా ఎల్ఈడీ దండలన్నీ కలిపి 20 వాట్లు. 120తో భాగిస్తే 0.17 ఆంపియర్. అదే పాడైన ప్లగ్‌లోంచి ఈ కరెంటు పారితే పుట్టే వేడి ఒక వాటులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ. హీటర్ పెట్టినప్పుడు కరెంటు సుమారు 70 రెట్లు పెరిగింది. వేడి మాత్రం దాదాపు 4,800 రెట్లు పెరిగింది. కార్డ్ పాతదే, దాని లోపం కూడా బహుశా పాతదే. ఇన్నాళ్ళూ దాన్ని బయటపెట్టేంత కరెంటు మేమే పంపలేదు. కాబట్టి 'ఎప్పటినుంచో వాడుతున్నదే' అన్న మాట ఎక్స్‌టెన్షన్ కార్డుల విషయంలో భరోసా కాదు. దేనికి వాడుతున్నారన్నదే ముఖ్యం.

ఇంకో చిక్కు ఉంది. వేడెక్కిన రేకులు బిగువు తగ్గి ఇంకా వదులవుతాయి. వాటి మీద తుప్పులాంటి పొర పేరుకుంటుంది. దానితో నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే ఆ చోట వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తాను బాగుపడేది కాదు.

బ్రేకర్ ఎందుకు పడిపోలేదు?

ఏదైనా తేడా వస్తే బ్రేకర్ పడిపోతుందిలే అని నేనూ అనుకునేదాన్ని. బ్రేకర్ ప్రధానంగా చూసేది ఆంపియర్లని. మా గదికి ఉన్నది 15 ఆంపియర్ల బ్రేకర్. పారుతున్నది 11.6. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ఇంకా చెప్పాలంటే, ప్లగ్ పాడైనకొద్దీ మొత్తం నిరోధం పెరిగి కరెంటు కొంచెం తగ్గింది, 12.2 నుంచి 11.6కి. ప్రమాదం పెరుగుతుంటే బ్రేకర్‌కి మాత్రం పరిస్థితి ఇంకా బాగున్నట్టు కనిపిస్తుంది! గోడలోని తీగలు మోయలేనంత కరెంటు పారకుండా, షార్ట్ సర్క్యూట్ అయితే వెంటనే ఆపేలా చూడటం దాని పని. వదులైన ప్లగ్ ఎంత కాలుతోందో దానికి తెలియదు. ఆ కాపలా మన చెయ్యి, మన ముక్కు కాయవలసిందే.

అలాగని బ్రేకర్ లెక్క అక్కర్లేదని కాదు. 15 ఆంపియర్లని 120తో గుణిస్తే 1800 వాట్లు. అయితే మూడు గంటలు, అంతకు మించి ఏకధాటిగా నడిచే వాటికి అందులో 80 శాతమే లెక్కలోకి తీసుకోవాలన్నది అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ పద్ధతి. అంటే 12 ఆంపియర్లు, 1440 వాట్లు. 1500 వాట్ల హీటర్ ఒక్కటే ఆ హద్దుని తాకేస్తోంది. అదే లైన్ మీద ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ లాంటివి పెట్టకూడదు. మేమిప్పుడు హీటర్‌ని రాత్రంతా సగం స్థాయిలో, 750 వాట్ల మీదే నడుపుతున్నాం. కరెంటు సగం, కాబట్టి ప్లగ్‌లో పుట్టే వేడి నాలుగో వంతే.

ఇండియా నుంచి తెచ్చుకునేవి, ఇండియాకి పట్టుకెళ్ళేవి

ఇవే సూత్రాలు సూట్‌కేసు సర్దుకునేటప్పుడు కూడా పనికొస్తాయి. అమెరికా, కెనడాల్లో గోడ సాకెట్‌లో 120 వోల్టులు. ఇండియాలో 230. కాయిల్‌తో వేడెక్కే వస్తువుల నిరోధం దాదాపు ఆ వస్తువుతో పాటే ప్రయాణం చేస్తుంది. వోల్టేజ్ మాత్రం ఏ దేశంలో దిగితే ఆ దేశానిది.

ఇండియాలో కొన్న 1500 వాట్ల కెటిల్ తీసుకోండి. అక్కడ అది తీసుకునే కరెంటు 1500ని 230తో భాగిస్తే 6.5 ఆంపియర్లు. నిరోధం 230ని 6.5తో భాగిస్తే సుమారు 35 ఓములు. దాన్ని ఇక్కడ అడాప్టర్‌తో పెడితే 120ని 35తో భాగిస్తే 3.4 ఆంపియర్లు. సామర్థ్యం సుమారు 408 వాట్లు. వోల్టేజ్ దాదాపు సగమైతే సామర్థ్యం సగం కాదు, నాలుగో వంతుకి దగ్గరగా పడిపోయింది. లీటరు నీళ్ళు అక్కడ నాలుగు నిమిషాల్లోపు మరిగితే ఇక్కడ పద్నాలుగు నిమిషాలు పడుతుంది, అదీ వేడి బయటికి పోకుండా ఉంటే. చిరాకే కానీ ప్రమాదం లేదు.

ప్రమాదమంతా తిరుగు ప్రయాణంలోనే. ఇక్కడ 500 వాట్ల రైస్ కుక్కర్ బాగుందని అమ్మకి పట్టుకెళ్ళారనుకోండి. దాని నిరోధం 28.8 ఓములు. అక్కడ 230 వోల్టులకి పెడితే 8 ఆంపియర్లు పారుతుంది, 1837 వాట్లు అవుతుంది. 500 కోసం చేసిన కాయిల్ మీద మూడున్నర రెట్లకు పైగా భారం. ఇక్కడి 1875 వాట్ల హెయిర్ డ్రయ్యర్ అయితే లెక్క ప్రకారం దాదాపు 6,900 వాట్లు, 30 ఆంపియర్లు. అది కొన్ని క్షణాల్లో కాలిపోవడం ఖాయం. ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ పిన్నుల్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజ్‌ని మార్చదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని కానుకలు మొదటి రోజే పొగ వదిలాయో!

ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకి ఈ గొడవ లేదు. వాటి మీద సన్న అక్షరాల్లో 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అలా ఉన్నవి ఎక్కడైనా సరే పనిచేస్తాయి. ఒక్క అంకె మాత్రమే ఉంటే ఆ వోల్టేజ్‌కే వాడాలి.

దుబాయ్, మలేషియా, బ్రిటన్‌లలో ఉండే మనవాళ్ళకి వోల్టేజ్ ఇండియాలాగే ఉంటుంది కాబట్టి అడాప్టర్ చాలు. బ్రిటన్ తరహా ప్లగ్ లోపల చిన్న ఫ్యూజ్ కూడా ఉంటుంది. 13 ఆంపియర్లని 230తో గుణిస్తే 2990. అక్కడి కెటిల్స్ 3000 వాట్లు ఉండటం, మనకంటే సగం టైములో టీ నీళ్ళు మరగడం అందుకే. 3 ఆంపియర్ల ఫ్యూజ్ అయితే 690 వాట్లు, అంటే లైట్లకీ చిన్న వస్తువులకీ సరిపోతుంది. వాళ్ళ వోల్టేజ్ ఎక్కువ కాబట్టి అదే 1500 వాట్ల హీటర్‌కి 6.5 ఆంపియర్లే కావాలి, మనకి 12.5. అలాగని వదులైన ప్లగ్ అక్కడ కాలదని కాదు. 3000 వాట్ల హీటర్ పెడితే అక్కడా 13 ఆంపియర్లు పారుతుంది.

మిక్సీ దగ్గర ఈ లెక్క అంత సూటిగా కుదరదు

మోటారు ఉన్నవాటికి నిరోధం కొలిచి కరెంటు చెప్పేయలేం. మోటారు తిరిగేటప్పుడు తనలోనే ఎదురు వోల్టేజ్‌ని పుట్టిస్తుంది, దానివల్ల కరెంటు తగ్గుతుంది. అందుకే ఆగి ఉన్న మోటారు స్విచ్ వేసిన క్షణంలో ఎక్కువ కరెంటు లాగి, తిరగడం మొదలయ్యాక తగ్గుతుంది. పైగా మోటార్లకి వోల్టులూ ఆంపియర్లూ గుణిస్తే వచ్చేది అసలు వాట్ల కంటే కొంత ఎక్కువ ఉండొచ్చు. మీటర్‌లో వాట్ల అంకె విడిగా ఉంటే అదే చూడండి.

మన ఊళ్ళలో 'లో వోల్టేజీకి మోటారు కాలిపోయింది' అనే మాట విననివాళ్ళు ఉండరు. హీటర్‌కి వోల్టేజ్ తగ్గితే కరెంటూ తగ్గుతుంది, చల్లబడుతుంది. పొలంలో మోటారు అలా కాదు. నీళ్ళు తోడే బరువు అలాగే ఉంటుంది కాబట్టి వోల్టేజ్ తగ్గినకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పెరిగితే చుట్ల తీగల్లో వేడి ఎన్నింతలవుతుందో పైన చూశాంగా. చుట్లు కాలిపోతాయి.

అందుకని 230 వోల్టుల మిక్సీని ఇక్కడ ఉత్త అడాప్టర్‌తో వాడకండి. వోల్టేజ్ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీకి గోడ నుంచి కనీసం 6.25 ఆంపియర్లు పోతాయి. మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు కోసం ట్రాన్స్‌ఫార్మర్ రెట్టింపు, అంటే 1500 వాట్లది తీసుకుంటే నిశ్చింత. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ మారుస్తుంది కానీ 60 హెర్ట్జ్‌ని 50 చేయదు. మిక్సీ మోటారుకి దానితో పెద్దగా పనిలేదు. ఇండక్షన్ మోటారు ఉన్న వెట్ గ్రైండర్ మాత్రం ఐదో వంతు వేగంగా తిరుగుతుంది. ఇడ్లీ పిండి రోజూ రుబ్బుకునేవాళ్ళు ఇక్కడి వోల్టేజ్‌కి చేసిన గ్రైండరే కొనుక్కోవడం మేలు.

బిల్లు సంగతి

మొదలుపెట్టింది దానితోనే కాబట్టి అదీ చెప్పేస్తాను. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. 1500 వాట్ల హీటర్ ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే 12 యూనిట్లు. యూనిట్‌కి 20 సెంట్లు అనుకుంటే రాత్రికి 2 డాలర్ల 40 సెంట్లు, నెలకి 72 డాలర్లు. మీ బిల్లులో ఉన్న ధర వేసుకుని చూడండి. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి అసలు ఖర్చు ఇంతకంటే తక్కువే ఉంటుంది. మా ప్లగ్‌లో, తీగలో వేడైపోయిన 72 వాట్లకి కూడా బిల్లు మేమే కట్టాం!

ఈ వారాంతం ఒక్క గంట కేటాయించండి

హీటర్‌ని ఎప్పుడూ నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ కార్డ్ వద్దు, పవర్ స్ట్రిప్ వద్దు. ఇక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్లు కూడా ఇదే చెబుతాయి. దుప్పట్లు, పరదాలు, బట్టలు దానికి కనీసం మూడు అడుగుల దూరంలో ఉండాలి.

హీటర్ అరగంట నడిచాక దాన్ని ఆపి, వెంటనే ప్లగ్ ప్లాస్టిక్ భాగాన్ని ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే, రంగు మారితే, పిన్నులు సాకెట్‌లో వదులుగా కదులుతుంటే ఆ సాకెట్‌ని వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరుకి రాతపూర్వకంగా చెప్పండి. సాకెట్ విప్పి మీరే చూడాలనుకోకండి. నేను కొలిచినదంతా ప్లగ్‌కి పెట్టే మీటర్‌తోనే, ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

ఎక్స్‌టెన్షన్ కార్డుల మీద ఎన్ని ఆంపియర్లకో, ఎన్ని వాట్లకో రాసి ఉంటుంది. చదివి, ఒక టేపు ముక్క మీద 'లైట్లకి మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మా గరాజ్‌లో ఇప్పుడు అన్నిటికీ ఉంది. తెలుగులోనే రాశాను, మావయ్య చదువుకోవడానికి వీలుగా. కాలిన ఆ కార్డ్‌ని మాత్రం ఇంకెవరూ వాడకుండా ముక్కలుగా కత్తిరించి పారేశాం. ఆ గది సాకెట్‌ని కూడా ఎలక్ట్రీషియన్ మార్చి వెళ్ళాడు.

చివరగా, ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక మాట చెప్పి ఉంచండి. పరాయి దేశంలో, పిల్లల ఇంట్లో, ఏదైనా అడిగితే ఇబ్బంది పెట్టినట్టవుతుందని వాళ్ళు చాలా విషయాలు దాచుకుంటారు. మా అత్తయ్యకి నేను చెప్పింది ఇదే: "కాలిన వాసన వస్తే అర్ధరాత్రి రెండైనా సరే తలుపు కొట్టండి. ఏమీ లేకపోతే అందరం కలిసి కాఫీ తాగి పడుకుందాం."

ఆవిడ నవ్వి సరేనన్నారు. నాలుగు రోజుల తర్వాత నిజంగానే తెల్లవారుజామున తలుపు కొట్టారు. పరుగెత్తుకెళ్ళి చూస్తే కింద టోస్టర్‌లో మావారు బ్రెడ్ మాడ్చుకుంటున్నారు. మాట ప్రకారం అందరం కాఫీ తాగాం.